పావుమైలు బాట

ఏటేట ఆగస్టు మాసమున, డెట్రాయిట్ నగరమునుండి ఉత్తరముగ సాగిపోవు వుడ్‌వర్డ్ అవెన్యూ అను రాజమార్గము ప్రక్కన పచ్చికపై మడతకుర్చీలు వేసికొని కూర్చుండి, ఎదుటినుండి పోవు పాత కార్లను కన్నెత్తి చూడకమునుపే వాని గర్జననుబట్టి అవి ఏ సంవత్సరమున పుట్టినవో, వాని ఇంజను ఎంతటిదో చెప్పగల వృద్ధులను చూచినప్పుడెల్ల, మా గుంటూరు సీమ తిరునాళ్లలో బండలాగుడు పందెముల యొద్ద గట్టుమీద కూర్చుండి, గిత్త మూపురమును, మెడను, గిట్టలను ఒక్కమారు పరికించి, అది బండను ఎంతదూరము లాగగలదో నిర్ణయించు రైతులు నాకు జ్ఞప్తికి వత్తురు. ఎద్దు వేరు, ఇంజను వేరు. కాని బలమును కంటితోను చెవితోను తూచు విద్య రెండుచోట్లను ఒక్కటియే. ఆ వృద్ధులలో ఒకరు మా పొరుగింటివారు. వారి గారేజీలో 1966వ సంవత్సరపు పాంటియాక్ జీటీఓ కారొకటి కలదు. దాని ముందరి అరలో, ప్లాస్టికు తొడుగులో భద్రపరచిన అరచేతి వెడల్పు కాగితపుముక్క యొకటి కలదు. దానిమీద ఎవరో పెన్సిలుతో తొందరలో వ్రాసిన రెండు సంఖ్యలు మాత్రమే నేటికిని చదువ వీలగుచున్నవి: 13.91, 101.80. మొదటిది సెకనులు, రెండవది గంటకు ఇన్ని మైళ్లను వేగము. ఆ కాగితపు పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనగోరి నేను మొదలిడిన విచారణయే ఈ వ్యాసమునకు మూలము.

నేను 1974లో ఉద్యోగార్థినై మిషిగన్ రాష్ట్రమునకు వచ్చితిని. నేను వచ్చునాటికి జీటీఓ వంటి కార్ల యుగము ముగిసి, అవి పాతకార్ల అంగళ్లలో గిరాకి లేక ఎండకు రంగు వెలయుచుండెను. కావున నేను చెప్పబోవు దానిలో కొంత చదివినది, కొంత విన్నది. కన్నది మిక్కిలి తక్కువ.

“మజిల్ కారు” అను మాటను కండలబండి యని తెలుగు చేసికొనవచ్చును. ఒక కుటుంబము బజారునకు పోయివచ్చుటకు సరిపడు మధ్యమ పరిమాణపు కారులో, బరువైన పెద్దకారును లాగుటకై చేసిన మహాయంత్రమును బిగించి, ఆ బలమునంతను వెనుకచక్రములకు అందునట్లు చేసి, కార్మికుని కుమారుడుకూడ నెలవారీ వాయిదాలపై కొనగల ధరకు అమ్ముట దాని లక్షణము. మలుపులలో నేర్పుగ తిరుగుట దానికి చేతగాదు. దానిని ఆపు విషయమున దాని కర్తలు అంత శ్రద్ధ చూపినట్లును కానరాదు. నిలిచియున్నచోటినుండి తిన్నగ ముందునకు ఉరుకుటయే దానికి తెలిసిన విద్య. ఆ విద్యకు పరీక్షాస్థానము “డ్రాగ్ రేసు”. ఈడ్చుట యను అర్థముగల ఆ పేరు ఈ పందెమునకెట్లు వచ్చినదో పలువురు పలు కథలు చెప్పుదురు గాని, బండలాగుడు చూచి పెరిగిన తెలుగువానికి ఆ పేరు వింతగ తోచదు.

ఈ క్రీడ పుట్టినది కార్లు పుట్టిన డెట్రాయిట్‌లో కాదు. దక్షిణ కాలిఫోర్నియాలోని మోహావీ యెడారిలో, నీరింకి బల్లపరుపుగ గట్టిపడిన సరస్సుల గర్భములందు. ఫోర్డు కంపెనీ 1932లో ఎనిమిది సిలిండర్ల ఇంజనుగల కారును సామాన్యులకందు ధరకు విక్రయింప నారంభించెను. నాటి లెక్కలో దాని బలము 65 అశ్వశక్తులు. చేతులు మారి చవుకపడిన అట్టి కార్లను లాస్ ఏంజిలిస్ ప్రాంతపు యువకులు కొని, మడ్గార్డులు ఊడదీసి, పైకప్పు కోసి పొట్టిచేసి, ఇంజను విప్పి తమకు తోచిన మార్పులెల్ల చేసి, వారాంతములలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ అను ఎండుసరస్సులకు తోలుకొనిపోయి, ఎవరిది ఎంత వేగముగ పోవునో కొలుచుకొనుచుండిరి. కొలతలలో తగవులు రాకుండుటకై పలు సంఘములవారు కూడి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అను సంస్థను స్థాపించిరి. పేరులోనే “టైమింగ్” ఉండుట గమనింపదగినది. ఎట్టి అల్లరిమూకయైనను కొలతకు లోబడిన క్షణమున క్రీడగ మారుననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

రెండవ ప్రపంచయుద్ధమునాటికి మ్యూరాక్ సరస్సు వైమానికదళపు స్వాధీనమయ్యెను. నేడు ఎడ్వర్డ్స్ వైమానికస్థావరము అక్కడనే యున్నది. యుద్ధము ముగిసినపిమ్మట విమానపు ఇంజనులను, టాంకులను విప్పి బిగించుట నేర్చిన యువకులు వేలకొలది ఇండ్లకు తిరిగివచ్చిరి. చేతిలో విద్య కలదు, జేబులో కొంత ద్రవ్యము కలదు, పాత ఫోర్డు కార్లు కారుచవుకగ దొరకుచున్నవి. లేనిదల్లా పరుగిడుటకు చోటు. ఎడారికి పోవ తీరికలేనివారు రాత్రివేళ నగరవీథులనే పందెపుబాటలుగ చేసికొనిరి. ప్రమాదములు జరిగెను, పత్రికలు గగ్గోలుపెట్టెను, పోలీసులు వెంటబడిరి. ఈ స్థితిలో ఇరువురు మనుష్యులు చేసిన పనులు ఈ చరిత్రకు మలుపు తిప్పినవి. “పాపీ” హార్ట్ అని పిలువబడు సి. జె. హార్ట్ 1950లో శాంటా ఆనా విమానాశ్రయపు రన్‌వేలో కొంతభాగమును ఆదివారములకు తీసికొని, ప్రవేశరుసుము పెట్టి, బహిరంగముగ పందెములు నడుప నారంభించెను. 1948 జనవరిలో పుట్టిన “హాట్ రాడ్” పత్రికకు సంపాదకుడైన వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అను దేశవ్యాప్త సంస్థను స్థాపించెను.

పార్క్స్ ఉద్దేశము పందెగాండ్రను తిట్టి మాన్పించుట కాదు. వారికొక బాట చూపి, ఆ బాటకొక నియమావళి వ్రాయుట. శిరస్త్రాణము, నడుముపట్టీ, కారు పరీక్ష, తరగతుల విభజన, ఇవన్నియు ఆ నియమములలోనివి. సంస్థ 1953 ఏప్రిలులో పొమోనా పట్టణపు సంతమైదానపు పార్కింగు స్థలమున తన మొదటి అధికారిక పందెమును జరిపినప్పుడు ఆ ఊరి పోలీసుశాఖయే దానికి తోడ్పడెను. మరుసటియేడు ఆ శాఖకు చెందిన ఒక సార్జెంటు నాయకత్వమున ఒక చిన్నబృందము కారునకు సామానుబండి తగిలించుకొని దేశమెల్ల తిరిగి, పందెములు సురక్షితముగ నడుపుట యెట్లో ఊరూర నేర్పివచ్చెను. వేటాడిన పోలీసే గురువగుట లోకమున తరచు జరుగు వింత కాదు. 1955లో మొదటి జాతీయపోటీలు కాన్సస్ రాష్ట్రమున గ్రేట్ బెండ్ యను ఊరిలో, యుద్ధకాలమున బాంబరు విమానములకై నిర్మించిన రన్‌వేమీద జరిగెను. వర్షము ముంచెత్తగ, తుదిపందెములను కొన్ని వారములపిమ్మట అరిజోనా యెడారిలో ముగింపవలసివచ్చెను.

ఇది చదివినప్పుడు నాకు మద్రాసులో చదువుకొను దినములు కన్నులకు కట్టెను. గిండీ ఇంజనీరింగు కళాశాలనుండి మేము నలుగురము బస్సులు మారి షోలవరము పోయి మోటారు పందెములు చూచివచ్చెడివారము. అదియును యుద్ధకాలమున వేసి విడిచిన విమానపుబాటయే. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు దానిమీదనే ఏండ్లతరబడి పోటీలు నడిపిరి. మరణముకొరకు పరచిన కాంక్రీటు ఇటు తమిళదేశమునను, అటు కాన్సస్‌లోను యువకుల ఆటస్థలమైనదన్నమాట. ఒక్కటే భేదము: షోలవరములో కారు కలవాడు సంపన్నుడు; శాంటా ఆనాలో పెట్రోలుబంకులో పనిచేయు కుర్రవాడు.

ఇక పందెపు రీతి. బాట నిడివి పావుమైలు, అనగా 1,320 అడుగులు. అంత దూరపు పరుగులో పేరెన్నికగన్న గుర్రపుజాతికి అమెరికాలో “క్వార్టర్ హార్స్” అను పేరే కలదు. ఇనుపగుర్రములకును అదే కొలత నిలిచెను. రెండు కార్లు ప్రక్కప్రక్కన నిలుచును. ఆదిలో జెండా పట్టిన మనుష్యుడొకడు నడుమ నిలిచి, నేలవిడిచి గంతువేయుచు జెండా ఎత్తుచుండెను. 1963లో అతని స్థానమున దీపస్తంభము వచ్చెను. రంగురంగుల దీపములవలన దానికి “క్రిస్మస్ చెట్టు” అని పేరు. పసుపుదీపములు పైనుండి క్రిందికి వరుసగ వెలిగి, తుదకు పచ్చదీపము వెలుగును. ఆత్రపడి ముందే కదలినవానికి ఎర్రదీపము, దానితో ఓటమి. కారు బయలుదేరుచోటను, గమ్యమునను బాటకడ్డముగ కాంతికిరణములు ప్రసరించుచుండును. చక్రము మొదటి కిరణమును వీడినది మొదలు గమ్యపు కిరణమును తాకువరకు పట్టిన కాలము ఒక లెక్క. గమ్యమువద్ద ఉన్న వేగము మరొక లెక్క. ఇందొక చమత్కారము కలదు. పచ్చదీపము వెలిగినపిమ్మట ఒకడు అరసెకను నిద్రించి, తరువాత ఎంత వేగముగ పోయినను, కాగితముపై అతని కాలము తక్కువగనే యుండును, కాని పందెము ఎదుటివానిదే. యంత్రము గెలిచి మనుష్యుడు ఓడుట ఈ ఆటలో ప్రతిదినము జరుగును.

బలమున్నంత మాత్రమున ఈ బాట లొంగదు. వేగనియంత్రణపు మెట్టును అడుగువరకు త్రొక్కినచో వెనుకచక్రములు ఉన్నచోటనే గిఱ్ఱున తిరిగి, పొగ లేపి, నేలపై నల్లని చారలు గీయును. కారు మాత్రము కదలదు. త్రొక్కుటలో జంకినచో ఎదుటివాడు పోవును. ముక్కు పైకెత్తి, బరువు వెనుకకు వాలి, రబ్బరు నేలను కరచుకొనినదని ఆసనము క్రింద తెలియు ఆ ఒక్క క్షణమును పట్టుకొనుటలోనే విద్యయంతయు కలదు. మొదటి అరువది అడుగులు చక్కగ సాగినచో మిగిలినదానిలో సగము పని తీరినట్లే. గమ్యము దాటినపిమ్మట వేగము తగ్గించి, బాట చివరనుండి మరలి, ప్రక్కనున్న తిరుగుదారిని మెల్లగ వచ్చుచు, దారిలోని చిన్న గుడిసె కిటికీయొద్ద ఆగి చేయిచాచినచో లోపలివారు ఒక చీటీ అందింతురు. మా పొరుగువారి కాగితము అట్టిది. అది 1967 వేసవిలో, నగరమునకు దక్షిణమున నుండిన డెట్రాయిట్ డ్రాగ్‌వేలో వారికి లభించెను. 1959, 1960 సంవత్సరములలో జాతీయపోటీలు జరిగినదియు ఆ బాటమీదనే.

ఈలోగ కర్మాగారములు మేల్కొనెను. ఓల్డ్స్‌మొబీల్ వారు 1949లో తేలికైన కారులో కవాటములు పైన అమర్చిన 135 అశ్వశక్తుల నూతన యంత్రమును పెట్టి “రాకెట్ 88” అను కారును విడిచిరి. 1955లో క్రైస్లర్ వారి 300 అశ్వశక్తుల కారును, షెవ్రొలే వారి 265 ఘనాంగుళముల చిన్న యంత్రమును వెలువడెను. చిన్నదియు, తేలికయు, చవుకయు నగు ఆ షెవ్రొలే యంత్రము దేశములోని ప్రతి గారేజీకి చేరెను. ఆదివారము గెలిచిన కారు సోమవారము అమ్ముడుపోవునను సూత్రము వర్తకులకు కంఠపాఠమయ్యెను. కాని రోడ్డుప్రమాదములనుగూర్చిన ప్రజాందోళనకు వెరచి మోటారు ఉత్పత్తిదారుల సంఘము 1957లో కంపెనీలు పందెములతో సంబంధము వదలుకొనవలెనని తీర్మానించెను. 1963 ఆరంభమున జనరల్ మోటార్స్ తన శాఖలన్నిటికిని మరింత ఖండితముగ ఆ నిషేధమును విధించెను.

నిషేధమునుండియే కండలబండి పుట్టెను. పందెములద్వారా పేరు సంపాదించిన పాంటియాక్ శాఖకు ఆ ద్వారము మూసికొనిపోగ, ఆ శాఖ ప్రధాన ఇంజనీరగు జాన్ డెలోరియన్, అతని సహచరులు ఒక యుక్తి పన్నిరి. మధ్యమ పరిమాణపు కార్లలో 330 ఘనాంగుళములకు మించిన యంత్రమును పెట్టరాదని కంపెనీ నియమము. ఆ నియమము కార్ల నమూనాలకు వర్తించును. కొనువాడు కోరి అదనముగ తగిలించుకొను సరంజామాకు వర్తించునని ఎక్కడను వ్రాసియుండలేదు. అందుచేత వారు 1964వ సంవత్సరపు టెంపెస్ట్ లమాన్స్ కారునకు మూడువందల డాలర్లకు కొంచెము తక్కువ ఖరీదుగల “అదనపు సరంజామా”గ 389 ఘనాంగుళముల, 325 అశ్వశక్తుల యంత్రమును చేర్చి, దానికి ఇటలీదేశపు ఫెరారీ పందెపుకారు పేరునే నిస్సంకోచముగ తగిలించి, జీటీఓ అనిరి. ఐదువేల కార్లు అమ్ముడుపోయిన చాలుననుకొనిరి. ఆ యేడు అమ్ముడుపోయినవి 32,450. రెండేండ్లు తిరుగునప్పటికి, 1966లో, ఆ సంఖ్య తొంబదియారు వేలు దాటెను. మీమాంసకులు విధినిషేధములను వ్యాఖ్యానించు నేర్పుతో కంపెనీ సుగ్రీవాజ్ఞను వ్యాఖ్యానించినవారికి లభించిన ఫలమిది.

ఫలము పండుటకు కాలముకూడ అనుకూలించెను. యుద్ధానంతరము పుట్టిన శిశువుల తొలివరుస 1964లో పదునెనిమిదేండ్ల ప్రాయమునకు వచ్చెను. పెట్రోలు గ్యాలను ముప్పది సెంట్ల ప్రాంతమున నుండెను. ఒకరిని చూచి ఒకరు బరిలో దిగిరి. క్రైస్లర్ వారు 1966లో అర్ధగోళాకార దహనకోష్ఠములుగల 426 ఘనాంగుళముల “హెమీ” యంత్రమును 425 అశ్వశక్తులతో వీథికార్లలో పెట్టిరి. 1968లో ప్లిమత్ వారు అలంకారములన్నియు తీసివేసి మూడువేల డాలర్లకు లోపున “రోడ్ రన్నర్” అను కారు చేసి, బొమ్మలచిత్రములలోని ఆ పక్షిపేరు వాడుకొనుటకు వార్నర్ బ్రదర్స్ సంస్థకు యాబదివేల డాలర్లు చెల్లించి, హారనుకుకూడ ఆ పక్షి కూతనే అమర్చిరి. అదేయేడు పొమోనాలో శీతకాలపు పోటీలలో ఫోర్డు వారి మస్టాంగ్ గెలిచెను. వారి 428 ఘనాంగుళముల యంత్రమునకు కంపెనీ ప్రకటించిన 335 అశ్వశక్తులు అసలుబలముకంటె చాల తక్కువయని అందరును ఎరుగుదురు. బలము పెంచి చెప్పుకొనుట లోకసహజము. బీమాకంపెనీలకును, పందెపు తరగతులు నిర్ణయించువారికిని జడిసి బలము దాచి చెప్పుట ఆ కాలపు విచిత్రము. 1970లో షెవ్రొలే వారి షెవెల్ కారు 454 ఘనాంగుళములతో, 450 అశ్వశక్తులతో శిఖరమెక్కెను.

ఈ అంకెలన్నియు కర్మాగారముల చరిత్ర. మా పొరుగువారు చెప్పునది వేరొక చరిత్ర. వారప్పుడు అచ్చులు చేయు కర్మశాలలో కొత్తగ చేరిన ఇరువదేండ్ల యువకుడు. కొత్తకారు ఇంటికి వచ్చిన వారమునకే దానిని ఉన్నదున్నట్లుంచు ఉద్దేశము వారికి లేదని వారి తండ్రిగారికి అర్థమయ్యెను. శుక్రవారము సాయంకాలము పని దిగివచ్చి, కారు వెనుకడబ్బాలోని అదనపు టైరును, జాకీని, చక్రపుమూతలను దించివేయుట మొదటిపని. మోయనక్కరలేని బరువు ప్రతి శేరును ఒక శత్రువు. వెనుక ఇరుసులోని పళ్లచక్రములను మార్చి, 3.55 పాళ్లకు బదులు 4.33 పాళ్లవి బిగించుట మరొకపని; దానివలన పరుగు ఆరంభమున చురుకెక్కును, పెద్దరోడ్డుమీద మాత్రము ఇంజను గోలపెట్టును. మూడు కార్బురేటర్లలోని సూక్ష్మరంధ్రముల ఇత్తడిబిళ్లలను ఆనాటి ఎండను, తేమను బట్టి మార్చుదురు. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపలి పాయింట్ల నడుమ ఎడము సరిచూచుటకు కొలతరేకు చేతికందనిచో అగ్గిపుల్లల అట్టమూతను తుంచి ఆ సందున దూర్చుదురు. దాని మందము దాదాపు సరిపోవును. బాటయొద్దకు చేరినపిమ్మట వెనుకచక్రములు విప్పి, గీతలులేని మెత్తని రబ్బరుచక్రములు తగిలించి, వంతు వచ్చులోపల ఇంజనుపై మంచుగడ్డల సంచి పెట్టుదురు. చల్లని గాలి చిక్కనిది, చిక్కని గాలిలో బలమెక్కువ. సోమవారము ఉదయము అదే కారులో, అవే బట్టలతో, పనికి పోవుదురు. తొలివారమున 14.80 సెకనులు పట్టిన బాట, ఒక వేసవియంతయు ఈ తపస్సు చేసినపిమ్మట 13.91కి దిగెను. ఒక సెకనులో పదింట తొమ్మిదిపాళ్లు! ఆ స్వల్పకాలమును సంపాదించుటకు వారు వ్యయించిన గంటలు ఎన్నియో ఇంటిలోనివారు ఆనాడే లెక్కించి చెప్పిరట.

పగటి విద్యకు రాత్రి వుడ్‌వర్డ్ అవెన్యూ పరీక్షాశాలగ నుండెను. 1909లో దేశములోనే మొదటి మైలు కాంక్రీటు రహదారి పరచినది ఆ మార్గమునందే. ఉపాహారశాలలు కాపుగ నిలిచిన ఆ వెడల్పుదారిలో వేసవిరాత్రులు కార్లు కొనసాగుచు, ఎర్రదీపమువద్ద ప్రక్కప్రక్కన ఆగి, ఒకరినొకరు ఓరకంట చూచికొని, పచ్చదీపము వెలుగగనే విజృంభించెడివి. కంపెనీల ఇంజనీర్లే ఇంకను బజారున పెట్టని యంత్రములను కార్లలో దాచి తెచ్చి అచ్చట పరీక్షించుచుండిరి. ఈ స్మృతులు చెప్పునపుడు ముదుసళ్ల కన్నులు మెరయును. కాని అది నేరమే గాక, ఏ పాపమెరుగని బాటసారికి ప్రాణాపాయముకూడ. వాలీ పార్క్స్ ఏ జాడ్యమునకు మందుగ పావుమైలు బాటను పరచెనో, ఆ జాడ్యమును కర్మాగారములు వాయిదాలపద్ధతిలో మరల వీథిలోనికి తెచ్చినవని నేననిన, మా పొరుగువారు కాదనలేదు.

ఆ కన్నుల మెరపులో కానరానివారును కలరు. 1967 జులైలో డెట్రాయిట్ నగరమున వర్ణవైషమ్యపు నిప్పు రగిలి నలువదిముగ్గురు మరణించిరి. మా పొరుగువారికి చీటీ లభించిన వేసవి అదియే. మరుసటియేడు మే మాసమున, నగరమధ్యముననే యున్న హామ్‌ట్రామ్క్ అను ఊరిలో డాడ్జ్ కార్ల మహాకర్మాగారమున, కార్లు కూర్చు వరుస వేగమును యజమానులు పెంచిరని కార్మికులు యూనియను అనుమతి లేకయే పని ఆపిరి. నల్లజాతి కార్మికుల విప్లవసంఘమొకటి దానినుండి పుట్టెను. వుడ్‌వర్డ్‌లో వేగము ఆట. కొన్నిమైళ్ల దూరమున, మరలు బిగించు చేతులకు వేగము శిక్ష. రెండును ఒక్క యంత్రమునకే సంబంధించినవి. ఈ కార్ల చరిత్ర వ్రాయువారు మొదటిదానిని వర్ణించి రెండవదానిని విడుచుట న్యాయము కాదు.

వృత్తిగ స్వీకరించినవారికి ఈ బాట మరింత కఠినమైనది. ఫ్లోరిడావాసియగు డాన్ గార్లిట్స్ 1970 మార్చిలో లాస్ ఏంజిలిస్ దాపున లయన్స్ బాటమీద బయలుదేరునంతలో, కాళ్లనడుమనున్న గేరుపెట్టె ప్రేలి కారు రెండుముక్కలయ్యెను. అతని కుడిపాదములో కొంతభాగము పోయెను. ఆసుపత్రిలో పడియుండి అతడు ఆలోచించినది విరమణనుగూర్చి కాదు. ఇంజనును చోదకుని ముందుగాక వెనుకపెట్టుట యెట్లాయని. మరుసటియేడు అట్టి కారుతోనే పొమోనాలో గెలిచెను. కొలదికాలమునకే అతడు పోటీచేయు అత్యున్నత తరగతిలో అందరును ఆ పద్ధతినే అనుసరించిరి. న్యూయార్క్ రాష్ట్రమున వీథిపందెములతో మొదలిడిన షర్లీ మల్డౌనీ, ఆడుదానికి ఇదేమి పనియను ఈసడింపులను దాటి, 1977లో ఆ అత్యున్నత తరగతిలోనే జాతీయవిజేతయై, పిమ్మట మరి రెండుమార్లు ఆ పదవిని గెలిచెను.

యుగాంతము ఒక్క దెబ్బతో రాలేదు. మొదట బీమాకంపెనీలు పడుచువారి కండలబండ్లకు కారు వాయిదాతో పోటీపడు రుసుములు విధించెను. పిదప 1970లో వాయుశుద్ధి శాసనము వచ్చెను. ఇంజనులో పెట్రోలు ఆవిరిని ఎంత బిగియ నొక్కిన అంత బలము. మితిమీరినచో అది వేళకుముందే ప్రేలి లోహమును సుత్తితో మోదినట్లు మోదును. ఒక సీసపు సమ్మేళనమును కలిపిన ఆ దోషము పోవునని జనరల్ మోటార్స్ పరిశోధనాలయమున థామస్ మిడ్జ్‌లీ 1921లో కనుగొనినదాదిగ, పెట్రోలులో సీసము, పొగగొట్టములలో సీసము, పసివారి రక్తములో సీసము. కొత్త శాసనమునకు లోబడి పొగను శుద్ధిచేయు పరికరములు పెట్టవలెనన్న సీసము వాటికిని విషమే. అందుచేత 1971లోనే జనరల్ మోటార్స్ తన ఇంజనుల బిగువు తగ్గించెను. మరుసటియేడు అశ్వశక్తిని లెక్కించు పద్ధతియే మారి, ప్రకటనలలోని గొప్పలు నేలకు దిగెను. 1973 అక్టోబరులో అరబ్బుదేశములు చమురు బిగబట్టగ బంకులయొద్ద వరుసలు సాగెను. 1974 ఆరంభమున దేశమంతటను గంటకు 55 మైళ్ల పరిమితి వచ్చెను. జీటీఓ ఆ యేటితో ముగిసెను. లయన్స్ బాట అంతకుముందే, 1972 డిసెంబరులో, తుదిపందెము జరుపుకొని మూతపడియుండెను. ఇంజనీరుగ నేను ఆ శాసనమును తప్పుపట్టను. పసివారి నెత్తురుకంటె పావుమైలు బాట ఎక్కువకాదు.

పిదప, పారవేసినదానిని వెదకి తెచ్చుకొను ఋతువు వచ్చెను. యువకులు వృద్ధులైరి, చేతికి సొమ్ము వచ్చెను. 2014లో ఒక వేలములో 1971వ సంవత్సరపు ప్లిమత్ హెమీ కుడా, పైకప్పు మడచుకొను రకమునకు చెందినది, ముప్పదియైదు లక్షల డాలర్లు పలికెను. ఇట్టి వేలములలో మొదటి ప్రశ్న: ఇంజనుమీది అంకెలు కారు అంకెలతో సరిపోవునా? కర్మాగారము బిగించిన కార్బురేటరే యున్నదా? రంగు అదియేనా? మార్చిన ప్రతి మరకును ధర తగ్గును. నా మనసున మెదలునది ఇదియే: ఏ కార్లను వాని యజమానులు ఒక్క వారముకూడ ఉన్నదున్నట్లు ఉంచలేదో, మార్చుటలోనే ఏ కార్ల జీవితమంతయు నుండెనో, ఆ కార్లకు నేడు మార్పే కళంకమయ్యెను. కర్మాగారపు చేతివ్రాతకు వెలకట్టుచున్నాము. యజమాని చేతివ్రాతను తుడిచివేయుచున్నాము.

మా పొరుగువారి కారులో ఇంజను పుట్టుకతో వచ్చినది కాదు. వెలకట్టువాడొకడు వచ్చి ఆ సంగతి పెదవివిరుపుతో చెప్పగ, వారు తమ శస్త్రచికిత్స జరిగిన మోకాలు తట్టి, ఇదియును కర్మాగారము బిగించినది కాదనిరి. కొన్నాళ్లకు మరొక రహస్యము బయటపడెను. ఆ చీటీ ఈ కారుది కాదు. 1966లో కొనిన కారును, రెండవబిడ్డ పుట్టినపిమ్మట, 1972లో అమ్మి స్టేషను వ్యాగను కొనిరట. అమ్మునపుడు చీటీ మాత్రము తీసికొని పనిముట్ల పెట్టె అడుగున దాచిరట. పాతిక యేండ్లపిమ్మట అదే సంవత్సరపు మరొక కారు దొరకగ, మొదటచేసిన పని ఆ చీటీని దాని అరలో పెట్టుట. ఈ కారు ఏనాడును పావుమైలు బాటమీద పరుగిడలేదు. చీటీమీది 13.91 సెకనులు కారు సంపాదించినవి కావు, చేతులు సంపాదించినవి. చేతులెక్కడ నున్న చీటీ అక్కడ నుండుట న్యాయమే.

పిల్లల సాకరు మైదానమునకు చందాలు కూర్చుటకై ఫెర్న్‌డేల్ ఊరివారు 1995లో మొదలిడిన వుడ్‌వర్డ్ ఊరేగింపు నేడు మహాసంబరమైనది. పోయిన ఆగస్టులో మా పొరుగువారి ప్రక్క ఆసనమున కూర్చుండి నేనును పోయితిని. పావుమైలు పోవుటకు పదునాలుగు సెకనులు చాలిన జాతికి చెందిన కారునకు, ఆ సందడిలో అంతే దూరము సాగుటకు పావుగంట పట్టెను. నేను జనమును చూచుచుంటిని. పొరుగువారు కిటికీ అద్దము దించి, తల కొంచెము వంచి, ఇంజనును వినుచుండిరి. ఇల్లు చేరగనే, కారు దిగి, ముందరి మూత పైకెత్తి, ఒక సిలిండరు తాళము తప్పుచున్నదనిరి. నాకేమియు వినబడలేదు. వారు బల్ల సొరుగు తెరచి, ఇప్పుడెవ్వరును వాడని అగ్గిపుల్లల అట్టమూత నొకదానిని తీసి, మూలను జాగ్రత్తగ తుంచిరి.